స్కాట్లాండ్ దీవుల్లో నిలువురాళ్ళు: అమ్మానాన్నలతో ఓర్క్నీ, ఒంటరిగా కలనిష్

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. జులైలో అమ్మానాన్నలతో కలిసి ఎడిన్‌బరోలో ఉంటున్న తమ్ముడి దగ్గరికి వస్తున్నారు. మన తెలంగాణలోని ముడుమాల్‌లో ఉన్న వేల ఏళ్ళ నాటి నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయని చదివినప్పటి నుంచి, స్కాట్లాండ్ దీవుల్లో ఉన్న రాళ్ళనూ చూడాలని మీకు కోరిక. చేతిలో ఆరు రోజులు ఉన్నాయి. కారు నడిపేవారు లేరు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పి. ఉత్తరాన ఉన్న ఓర్క్నీ మంచిదా, పశ్చిమాన లూయిస్ దీవిలోని కలనిష్ మంచిదా, రెండూ చూడవచ్చా అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "అంత దూరం వెళ్ళాక ఇంతా చేసి రాళ్ళేనా అనిపిస్తుందేమో!"

నా సమాధానం: ఓర్క్నీ ఒక్కటే పెట్టుకోండి. కనీసం మూడు రాత్రులు ఉండండి. రాళ్ళ దగ్గరికి ఒకసారి కాదు, రెండు మూడు సార్లు వెళ్ళండి, అందులో ఒకటి రాత్రి తొమ్మిది దాటాక. కలనిష్ మరోసారి చూడవచ్చు. ఆరు రోజుల్లో రెండు దీవులూ తిరగాలంటే అమ్మగారు రాళ్ళకంటే పడవల్లోని కుర్చీలనే ఎక్కువ చూస్తారు.

నేను పురావస్తు శాస్త్రవేత్తను కాను. పదహారేళ్ళుగా అబర్డీన్‌లో ఉంటున్నాను, సముద్రంలో చమురు తీసే వేదికల ఉక్కు కట్టడాలు నా పని. ప్రతి వేసవిలోనూ హైదరాబాద్ నుంచో, రాజమండ్రి నుంచో ఎవరో ఒకరు వస్తారు. వాళ్ళను తిప్పడం నా బాధ్యత. ఆ లెక్కన ఓర్క్నీకి తొమ్మిది సార్లు, లూయిస్‌కు అయిదు సార్లు వెళ్ళాను. మొదటి రెండు మూడు ప్రయాణాలు నేను చేసిన తప్పుల వల్లే పాడయ్యాయి. కింద రాసినదంతా వాటి నుంచి నేర్చుకున్నదే.

ఓర్క్నీ ఎందుకంటే, అక్కడ రాళ్ళు రోడ్డు పక్కనే ఉంటాయి. రెండు సరస్సుల మధ్య సన్నటి నేల పట్టీ ఒకటి ఉంది. ఒక పక్క హారే సరస్సులో మంచినీళ్ళు, మరో పక్క స్టెన్నెస్ సరస్సులోకి సముద్రం నీరు వస్తుంది. ఆ పట్టీకి ఈ కొసన స్టెన్నెస్ రాళ్ళు, దాటి కొంత దూరం వెళ్తే బ్రాడ్‌గర్ వలయం. నడక కిలోమీటరున్నర లోపే, దారి దాదాపు చదును. నడవలేకపోతే టాక్సీ రెండు చోట్లా దగ్గరగా దించుతుంది. కర్క్‌వాల్, స్ట్రామ్‌నెస్ పట్టణాల మధ్య తిరిగే బస్సు కూడా ఆ దగ్గర్లోని పెద్ద రోడ్డు మీదుగా వెళ్తుంది. కారు లేకపోయినా పని జరిగే చోటు ఇది.

స్టెన్నెస్‌లో ఇప్పుడు నిలబడి ఉన్నవి నాలుగే రాళ్ళు. కానీ మొదటిసారి వాటి పక్కకు వెళ్ళి తలెత్తినప్పుడు నోట మాట రాలేదు. అన్నింటికంటే పొడవైనది దాదాపు ఆరు మీటర్లు, అంటే రెండంతస్తుల ఇంటంత. మందం మాత్రం మూరెడు కూడా లేదు. పైభాగం ఏటవాలుగా కత్తితో కోసినట్టు ఉంటుంది. పక్క నుంచి చూస్తే నేలలో గుచ్చిన పలకలా కనిపిస్తుంది. క్రీ.పూ. 3100 ప్రాంతంలో నిలబెట్టారు. దక్షిణ ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్‌లో పెద్ద రాళ్ళు నిలబెట్టింది దీనికి ఆరువందల ఏళ్ళ తర్వాత. మనకు పాఠాల్లో చెప్పేది దాని గురించే కాబట్టి దక్షిణం నుంచి ఉత్తరానికి నేర్చుకున్నారేమో అనుకుంటాం. జరిగింది తిరగబడి కూడా ఉండవచ్చు.

ఇంత సన్నటి రాళ్ళు ఎలా దొరికాయి అంటే, అది ఆ రాయి గుణం. మన షాబాద్ బండ, కడప బండ ఎలా పొరలు పొరలుగా విడిపోతాయో, ఓర్క్నీ ఇసుకరాయి కూడా అలాగే పలకలుగా లేస్తుంది. చెట్లు తక్కువ, పలకలు ఎక్కువ. అందుకే అక్కడి జనం మంచం కూడా రాతితోనే చేసుకున్నారు. అతిశయోక్తి కాదు, స్కారా బ్రేలో చూస్తారు. 1850లో వచ్చిన ఒక తుపాను ఇసుక దిబ్బను కోసేస్తే బయటపడిన అయిదు వేల ఏళ్ళ నాటి పల్లె అది. ఇళ్ళకు పైకప్పులు లేవు, పై నుంచి లోపలికి చూడాలి. మధ్యలో పొయ్యి, రెండు పక్కలా రాతి పలకల మంచాలు, వాకిలికి ఎదురుగా రెండరల రాతి అలమర. మా అత్తగారిని తీసుకెళ్ళినప్పుడు ఆవిడ రాతి వలయాల దగ్గర మర్యాదకు తల ఊపి ఊరుకున్నారు. ఇక్కడ మాత్రం గట్టు మీద ఆగిపోయి, "గడప దాటగానే ఎదురుగా గూడు పెట్టారంటే వచ్చినవాళ్ళకు ఇత్తడి సామాను కనపడాలనే. మా అమ్మ కూడా అంతే" అన్నారు. ఆ అలమర ఎందుకోసమని పండితులు చాలా రాశారు, ఆవిడ మాట కంటే నమ్మకంగా అనిపించినది నాకు కనబడలేదు.

బ్రాడ్‌గర్ వలయం స్టెన్నెస్‌కు పూర్తిగా భిన్నం. అడ్డకొలత 104 మీటర్లు. మొదట్లో అరవై రాళ్ళు ఉండేవని అంచనా, ఇప్పుడు మొండేలతో కలిపి 36 మిగిలాయి. ఒక రాయి మీద 1980లో పిడుగు పడింది. మధ్యలో ఏమీ లేదు, పొదల మైదానం మాత్రమే. ఒడ్డున నిలబడి చెరువు అవతలి గట్టును చూసినట్టు ఉంటుంది. రాళ్ళకు బయట చుట్టూ కందకం, అది మట్టిలో కాదు, రాతిలో తొలిచినది. ఇనుప పనిముట్లు లేని కాలం అది.

మా నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన రాళ్ళను పెద్దగా పట్టించుకోలేదు. కందకం అంచున చేతులు వెనక్కి కట్టుకుని అడుగులు లెక్కపెడుతూ నడిచారు. సగం తిరిగాక వెనక్కి వచ్చి, "తవ్విన రాయంతా ఎక్కడ పోశార్రా? గట్టు కనబడదే?" అన్నారు. నిజమే. ఈ తరహా కట్టడాలకు కందకంతో పాటు కట్ట ఉండడం మామూలు. బ్రాడ్‌గర్‌లో చుట్టూ కట్ట కనబడదు. పురావస్తువాళ్ళు అడిగే ప్రశ్న ఆయనకు అరగంటలో తట్టింది. అందుకే మీ నాన్నగారి ఉద్యోగం ఏమిటో నాకు తెలియదు కానీ, ఆయనకు బోర్ కొడుతుందని మీరు ముందే నిర్ణయించేయకండి.

ఇక రాత్రి తొమ్మిది దాటాక అని ఎందుకు అన్నానో చెబుతాను. జులై మొదట్లో అక్కడ సూర్యాస్తమయం పది దాటాకే. పగటి పూట, ముఖ్యంగా విహార నౌకలు కర్క్‌వాల్ రేవుకు వచ్చిన రోజుల్లో, బ్రాడ్‌గర్ దగ్గర బస్సులు వరసగా ఆగుతాయి. ఏ రోజు ఏ నౌక వస్తుందో రేవు వాళ్ళు ముందే ప్రకటిస్తారు, ఒకసారి చూసుకోండి. సాయంత్రానికి ఆ జనం వెళ్ళిపోతారు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు తొమ్మిదిన్నరకు నాతో పాటు ఉన్నది కుక్కను తిప్పుకుంటున్న ఒక పెద్దాయన మాత్రమే. ఎండ బాగా పక్కగా పడుతున్నప్పుడు రాయి ముఖం మీద ప్రతి గీతా లేచి కనిపిస్తుంది. పొరల అంచులు పుస్తకం కాగితాల్లా ఉంటాయి. వాటి సందుల్లో బూడిద, ఆకుపచ్చ రంగుల రాతినాచు, వేలితో తాకితే ఎండిన గడ్డంలా గరగరలాడుతుంది. ఒక రాయికి నడుం ఎత్తున గొర్రె ఉన్ని పోగు ఒకటి చిక్కుకుని గాలికి కొట్టుకుంటోంది. గొర్రెలకు అవి ఒళ్ళు రుద్దుకునే స్తంభాలు. మధ్యాహ్నం ఇవే రాళ్ళు బల్లపరుపుగా, ఫోటో అట్టల్లా ఉంటాయి. "ఇంతేనా" అని వెనక్కి వచ్చినవాళ్ళంతా మధ్యాహ్నం పన్నెండుకు ఇరవై నిమిషాలు చూసి వచ్చినవాళ్ళే.

మేస్‌హౌ గురించి ఒక హెచ్చరిక. స్టెన్నెస్‌కు దగ్గర్లోనే ఉన్న సమాధి దిబ్బ అది. చలికాలపు అయనం చుట్టుపక్కల రోజుల్లో అస్తమించే సూర్యుడి వెలుగు దాని సొరంగం గుండా లోపలి గది వెనక గోడ మీద పడుతుంది. లోపలికి వెళ్ళాలంటే పది మీటర్ల పొడవునా బాగా వంగి నడవాలి. అమ్మగారి మోకాళ్ళకు ఇది వద్దు. బయట ఎవరో ఒకరు ఆవిడకు తోడు ఉండండి, మిగతావాళ్ళు వెళ్ళి రండి. టికెట్ మాత్రం ముందుగానే తీసుకోవాలి, ఒక్కో విడతకు కొద్దిమందినే పంపుతారు. లోపల అసలు తమాషా 12వ శతాబ్దపు వైకింగులు గోడల మీద చెక్కిన రాతలు. "ఆడవాళ్ళలో ఇంగిగెర్త్ అందగత్తె" అని ఒకడు, "ఇది ఇంత ఎత్తున చెక్కింది నేనే" అని ఇంకొకడు. గోల్కొండ గోడల మీద పేర్లు గీకేవాళ్ళను తిట్టుకుంటూ పెరిగినవాణ్ని, వెయ్యేళ్ళు ఆగితే అవీ వారసత్వ సంపదే అవుతాయని తెలిసి కాసేపు నవ్వుకున్నాను.

ఇప్పుడు కలనిష్. మీరు అడిగారు కాబట్టి కాదు, ఆ చోటు గురించి చెప్పకుండా నేను ఉండలేను. నిజం చెప్పాలంటే రాళ్ళ అందంలో కలనిష్‌దే పైచేయి. ఓర్క్నీ పలకలు వడ్రంగి చేతి పనిలా ఉంటే, కలనిష్ రాళ్ళు నేలలోంచి మొలిచినట్టు ఉంటాయి. అది నైస్ అనే రాయి, వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళ దాకా. మన తెలంగాణ గుట్టల్లోని పాత రాయికి దూరపు చుట్టం అనుకోండి, మనవి కూడా 250 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ ఉంటాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే తెలుపు, బూడిద, గులాబీ చారలు ఒకదాని పక్కన ఒకటి, పొయ్యి మీద కలిపిన పాకంలా మెలికలు తిరిగి ఉంటాయి. కొన్ని రాళ్ళలో గుప్పెడంత నల్లటి ముద్దలు, హార్న్‌బ్లెండ్ అనే ఖనిజం, కళ్ళలా కనిపిస్తాయి. వాన పడి తడిసినప్పుడు ఆ చారలు ఇంకా చిక్కగా తేలతాయి. వాన పడితే నిరాశ పడనక్కర్లేని చోటు ప్రపంచంలో ఇదొక్కటే అనుకుంటాను.

వలయం చిన్నది. పదమూడు రాళ్ళు, అడ్డంగా పన్నెండు పదమూడు మీటర్లు, మన గుడి మండపం అంత. నడుమ 4.8 మీటర్ల రాయి ఒకటి. వలయం నుంచి ఉత్తరం వైపు రెండు వరసల రాళ్ళ దారి 80 మీటర్లకు పైగా సాగుతుంది, మిగతా మూడు దిక్కులకూ ఒక్కో పొట్టి వరస. క్రీ.పూ. 2900కు అటూ ఇటూ కట్టారు. 1857లో అప్పటి దీవి యజమాని సర్ జేమ్స్ మాథెసన్ చుట్టూ పేరుకున్న పీట్‌ను, అంటే కుళ్ళిన నాచు నల్లమట్టిని, మీటరున్నర లోతున తీయించేదాకా ఈ రాళ్ళు ఛాతీ లోతు పూడిపోయే ఉన్నాయి. గేలిక్ భాషలో వాటిని "అబద్ధపు మనుషులు" అంటారు. దూరం నుంచి, మంచులో, అచ్చం గుంపుగా నిలబడిన మనుషుల్లాగే కనిపిస్తారు. చూశారా, నేనే "కనిపిస్తారు" అనేశాను.

మరి మీకు ఎందుకు వద్దన్నాను? మూడు కారణాలు. ఒకటి, దారి. ఇన్వర్‌నెస్ దాకా రైలు, అక్కడి నుంచి అల్లాపూల్‌కు బస్సు, అక్కడి నుంచి స్టోర్నోవేకు రెండున్నర గంటలకు పైగా పడవ, ఆపైన దీవిలో మరో బస్సు. రెండు, ఆదివారం. లూయిస్‌లో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే సంప్రదాయం ఇంకా గట్టిగా ఉంది. స్టోర్నోవేకు ఆదివారం పడవ నడవడం మొదలైందే 2009లో. దీవిలో బస్సులు ఆ రోజు ఉండవు, చాలా దుకాణాలు, హోటళ్ళు మూసే ఉంటాయి. నా మొదటి ప్రయాణంలో శనివారం రాత్రి దిగాను, సంచిలో ఒక బిస్కెట్ పొట్లం, కారులో అరడబ్బా పెట్రోలు. ఆదివారం మధ్యాహ్నానికి మేమున్న ఇంటావిడ జాలిపడి బంగాళదుంపల సూపు పోసింది. రాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి ఆ రోజు అభ్యంతరం ఏమీ లేదు, వెళ్ళే సాధనమే ఉండదు. మూడు, గాలి. అది ఓర్క్నీలోనూ ఉంటుంది కానీ లూయిస్ పశ్చిమ తీరానికీ అమెరికాకూ మధ్య అడ్డుగా ఏమీ లేదు.

ఇంటర్నెట్‌లో కలనిష్ చంద్రుడి గురించి చదివి ఉంటారు. ప్రతి 18.6 ఏళ్ళకు ఒకసారి చంద్రుడు దక్షిణాన బాగా కిందికి వచ్చి, "ముసలమ్మ" అని అక్కడివాళ్ళు పిలుచుకునే కొండల వరస మీదుగా దొర్లుతున్నట్టు కనిపిస్తాడు. పడుకున్న ఆడమనిషి ఆకారం ఆ కొండలది. మొన్న 2024, 2025ల్లో అది జరిగింది. మళ్ళీ 2043 ప్రాంతంలో. కాబట్టి "ఇప్పుడు వెళ్ళకపోతే పోతుంది" అని చెప్పే వీడియోలను పక్కన పెట్టండి. రాళ్ళను చంద్రుడి కోసమే నిలబెట్టారా అన్నదానికి నా మాట: చూసి ఉంటారు, లెక్క పెట్టి ఉంటారు, కానీ అదొక్కటే కారణం అని గట్టిగా చెప్పే గైడుకు తల ఊపి ముందుకు నడవండి. ముడుమాల్‌లో ఒక రాతి మీది గుంతలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని పరిశోధకులు చూపించారు. ఆకాశాన్ని గమనించడానికి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోనక్కర్లేదు. ముడుమాల్ వయసు 3,500 ఏళ్ళని అంచనా, స్టెన్నెస్‌కు అయిదు వేలు దాటాయి. ఈ రెండు చోట్ల జనానికీ సంబంధం అంటగట్టే కథలు వినడానికి బాగుంటాయి, ఆధారం మాత్రం ఏదీ లేదు.

మీ ఆరు రోజులకు నేనైతే ఇలా చేస్తాను. ఎడిన్‌బరో నుంచి అబర్డీన్‌కు రైలు, రెండున్నర గంటలు. వారంలో కొన్ని రోజులు సాయంత్రం అయిదుకు అబర్డీన్ నుంచి కర్క్‌వాల్‌కు పెద్ద నౌక బయల్దేరి రాత్రి పదకొండుకు చేరుతుంది. నాన్నగారికి కాళ్ళు చాపుకునే జాగా, తినడానికి హోటలు ఉంటాయి. నౌక మధ్యలో కింది అంతస్తులో కూర్చోండి, ఊపు తక్కువ. వాంతి మాత్ర వేసుకునేవాళ్ళు ఎక్కడానికి కనీసం అరగంట ముందే వేసుకోవాలి, ఊపు మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు. తిరుగు ప్రయాణానికి స్ట్రామ్‌నెస్ నుంచి స్క్రాబ్‌స్టర్ పడవ గంటన్నర, దారిలో హోయ్ దీవి ఎర్రటి కొండ చరియలు, సముద్రంలో ఒంటరిగా నిలబడ్డ 137 మీటర్ల రాతి స్తంభం కనిపిస్తాయి. దాన్ని "హోయ్ ముసలాయన" అంటారు. ఎవరూ నిలబెట్టని నిలువురాయి. కానీ స్క్రాబ్‌స్టర్ పక్కనున్న థర్సో నుంచి ఎడిన్‌బరోకు రైలు రోజంతా పడుతుంది, అమ్మగారి ఓపిక చూసుకోండి. డబ్బు పరవాలేదంటే ఎడిన్‌బరో నుంచి కర్క్‌వాల్‌కు చిన్న విమానం ఉంది. బస కర్క్‌వాల్‌లో కంటే స్ట్రామ్‌నెస్‌లో పెట్టుకుంటే రాళ్ళకు దగ్గర, సాయంత్రం రెండోసారి వెళ్ళడానికి బద్ధకం వేయదు. రాత్రి వెనక్కి రావడానికి మాత్రం టాక్సీ ముందే మాట్లాడుకోవాలి. చీకటి పడకపోవచ్చు, బస్సు మాత్రం ఆగిపోతుంది.

చివరి పడవకూ మీ ఇండియా విమానానికీ మధ్య కనీసం ఒక ఖాళీ రోజు ఉంచండి. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, జులైలో కూడా. 2013లో మా బావమరిది కుటుంబాన్ని స్టోర్నోవేలో ఒక రోజంతా రేవు గదిలో కూర్చోబెట్టాను. మరునాటి గ్లాస్గో విమానం వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది. తప్పు పడవది కాదు, లెక్క నాది. ఆ టికెట్ల డబ్బు గురించి ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ప్రస్తావన వస్తుంది.

బట్టల సంగతి. గొడుగు తేవద్దు, మొదటి పది నిమిషాల్లోనే తిరగబడుతుంది. అమ్మగారు చీర కట్టుకుంటే కట్టుకోనివ్వండి, లోపల ఉన్ని లెగ్గింగ్స్, పైన మోకాళ్ళ దాకా వచ్చే వానకోటు, తలకు కుంకుమ రంగు మంకీ క్యాప్ ఉన్నా ఎవరూ నవ్వరు, అక్కడ అందరూ అలాగే ఉంటారు. చెప్పులు కాదు, పట్టు ఉన్న బూట్లు. గడ్డి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గాలి ఆగిపోతే సంతోషించకండి, అప్పుడు మిడ్జెస్ అనే కంటికి ఆనని పురుగులు గుంపులుగా వస్తాయి. ఓర్క్నీలో ఈ బాధ తక్కువ, గాలి పుణ్యాన. లూయిస్‌లో, గ్లాస్గో వైపున్న ఆరన్ దీవిలో ఎక్కువ. తిండి విషయంలో శాకాహారులకు ఇబ్బంది ఉండదు, సూపు, బంగాళదుంపలు, జున్ను ఎక్కడైనా దొరుకుతాయి. కానీ ఉదయం పళ్ళెంలో నల్లగా గుండ్రంగా వడ లాంటిది పెడితే తినే ముందు అడగండి. అది నెత్తురుతో చేసేది. మా మామగారు గారె అనుకుని చేయి చాపారు, సమయానికి చూశాను. రెండు పూటలకు పులిహోర కట్టుకుని వెళ్తే రాళ్ళ దగ్గర కూర్చుని తినవచ్చు, పక్కనే టీ దుకాణం ఉంటుందని మాత్రం ఆశించకండి.

రాళ్ళ దగ్గర నడుచుకునే తీరు గురించి రెండు మాటలు, మనవాళ్ళకు ప్రత్యేకంగా. ముడుమాల్‌లో ఒక నిలువురాతిని ఎల్లమ్మగా కొలుస్తారు, మనకు రాతికి బొట్టు పెట్టడం సహజం. ఒకసారి నాతో వచ్చిన ఒక పెద్దాయన స్టెన్నెస్‌లో జేబులోంచి కుంకుమ పొట్లం తీశారు. చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఆ రాతినాచు అంగుళం పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, రంగు, నూనె తగిలితే చస్తుంది. దండం పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు. దీపం, కొబ్బరికాయ, నాణేలు వద్దు. బ్రాడ్‌గర్‌లో దారులు అరిగిపోయి కొన్ని భాగాలను అప్పుడప్పుడు తాళ్ళు కట్టి మూస్తుంటారు, ఫోటో కోసం తాడు దాటవద్దు. పొలాల గేట్లు మీరు వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే వదలాలి, తెరిచినది తెరిచే, మూసినది మూసే. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ప్రకారం బాధ్యతగా నడుచుకుంటే చాలావరకు భూముల్లో నడిచే హక్కు ఉంది, కానీ అందులో "బాధ్యతగా" అన్న మాటే ముఖ్యం. 1814లో స్టెన్నెస్ దగ్గర భూమిని కౌలుకు చేస్తున్న ఒకాయన, జనం వచ్చి పొలం తొక్కుతున్నారన్న కోపంతో ఓడిన్ రాయిని పగలగొట్టేశాడు. దానికి ఒక కంత ఉండేది, ప్రేమించుకున్నవాళ్ళు దానిలోంచి చేతులు కలిపి ప్రమాణాలు చేసుకునేవాళ్ళు. కోపం వచ్చిన ఊరివాళ్ళు ఆయన ఇంటికి నిప్పు పెట్టబోయారట. రాయి మాత్రం మళ్ళీ రాలేదు.

మీ తమ్ముడికి ఓర్క్నీకి సెలవు దొరకకపోతే, అతనికి విడిగా ఒక రోజు ఆరన్ చెప్పండి. గ్లాస్గో వైపు తీరం నుంచి పడవ గంట, గంటంపావు. మాక్రీ మూర్‌లో పెద్దవాళ్ళకు సరిపడని రెండు కిలోమీటర్ల పొలం బాట నడిస్తే, బురద నేలలో మూడు ఎర్ర ఇసుకరాయి స్తంభాలు, ఒక్కోటి నాలుగైదు మీటర్లు. చుట్టుపక్కల మరికొన్ని చిన్న వలయాలు. ఒక రాతి కంతకు ఫింగల్ అనే వీరుడు తన కుక్కను కట్టేశాడని కథ. వలయాలు కొన్ని అంతకు ముందున్న కర్ర గుంజల వలయాల స్థానంలోనే లేచాయని తవ్వకాల్లో తేలింది. వానాకాలంలో కాకుండా వెళ్ళమని చెప్పేవాణ్ని కానీ అక్కడ వానాకాలం కానిది ఏదీ లేదు.

ఇక మీరు చేయాల్సింది మూడే పనులు, ఈ వరసలోనే: ముందు పడవ తేదీలు చూడండి, తర్వాత స్ట్రామ్‌నెస్‌లో బస, ఆ తర్వాత మేస్‌హౌ టికెట్. పడవ తేదీలను బట్టి అన్నీ మారతాయి. మీరు అబర్డీన్‌లో నౌక ఎక్కే రోజు నేను ఊళ్ళో ఉంటే పులిహోర మా ఇంటి నుంచి. చింతపండుతోనా, నిమ్మకాయతోనా అన్నది మాత్రం అమ్మగారిని అడిగి రాయండి.